ముప్పై ఒక్క అక్షరాల కమాను

అప్పలకొండ సాధించిన మొదటి విజయం ఏదంటే, ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో పైవాటా బెంగాలీ పిన్ని ఘోష్ కాకీమా మేడ మీది నీళ్ల ట్యాంకు నిండగానే మోటారు తనంతట తాను ఆగిపోవడం. వినడానికి ఇంతే. దాని వెనక మాడిపోయిన ఎలక్ట్రానిక్ చిప్పులున్నాయి, కాలిపోయిన దుప్పటి ఉంది, మామ్మ జోగమ్మ వేసిన మొట్టికాయలున్నాయి. అంతకుముందు రోజూ పొద్దున్న కాకీమా మోటారు వేసి పూజలో కూర్చునేది. ట్యాంకు పొర్లి, మెట్ల మీదుగా నీళ్లు దిగి, కింది వాటాలో ఉండే అప్పలకొండ తాత దేముడి వాకిట్లోకి వాగులా వచ్చేవి. పాలిటెక్నిక్‌లో చేరిన ఏడాదే దేముడి మనవరాలు ఆ వాగుని ఆపేసింది. కాకీమా పైనుంచి తొంగిచూసి, "ఓ కొండా, తుయి కీ కొర్లి రే?" అని కేకేసింది. ఏం చేశావే పిల్లా, అని ఆవిడ ఆశ్చర్యం.

ఆ రోజు దేముడు గోల్‌బజార్‌కి సంచీ పట్టుకుని బయల్దేరి, కూరలు మాత్రం తేలేదు. చేపల దుకాణం దగ్గర, బట్టల కొట్ల దగ్గర, టోటో రిక్షాల స్టాండు దగ్గర ఆగి ఆగి మనవరాలి ఘనత చెప్పుకుని, మధ్యాహ్నానికి ఖాళీ సంచీతో ఇంటికి చేరాడు.

"మోటారు ఆపడానికి స్విచ్చి నేదేటి? నీ మనవరాలు పుట్టకముందు ఊళ్లో మోటార్లు ఆగనేదేటి?" అంది జోగమ్మ.

"స్విచ్చి నొక్కడానికి మనిషుండాలే. ఇది మనిషి నేకుండా ఆగినాది. నీకెలాగ తెలుస్తాది?"

"తెలిసినాది. కూరా నేదు, మనిషీ నేడు. నువ్వు కూడా అలాగే ఆగిపోనావు కదా బజార్లో."

దేముడు బారువ దగ్గరి పల్లెనుంచి తండ్రి చెయ్యి పట్టుకుని ఖరగ్‌పూర్ వచ్చినవాడు. రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరి, వేగన్ షాపులో గ్రేడ్ వన్ ఫిట్టరుగా రిటైరయ్యాడు. అతని చేతి మీదుగా బాగుపడి వెళ్లిన వేగన్లు దేశంలో తిరగని లైను లేదు. ఈ సంగతి ఆయన్ని అడక్కపోయినా చెబుతాడు.

మన ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకి ఒక పద్ధతి ఉంది. అది తెలిస్తే తప్ప అప్పలకొండకి వచ్చిన చిక్కు అర్థం కాదు. సింహాద్రి అప్పన్న దయవల్ల వర్క్‌షాపులో ఏ షాపుకి వెళ్లినా అప్పలరాజులు, అప్పలస్వాములు కొల్లలు. గేటు దగ్గర నిలబడి "అప్పలసామీ" అని పిలిస్తే సైకిళ్లన్నీ ఒక్కసారి బ్రేకు వేసేవి. అందుకని మనవాళ్లు పేరు చెప్పేటప్పుడు ముందు ఇంటిపేరు, ఆ తర్వాత ఊరు, ఏ షాపు, ఏ లైను క్వార్టరు, ఎవరి బిడ్డ, అన్నీ అయ్యాక ఆఖర్న అసలు పేరు చెప్పడం అలవాటైంది. దేముడు మనవరాలికి మాటలు వచ్చీరాగానే అదే నేర్పాడు. బళ్లో బెంగాలీ టీచరమ్మ పేరడిగితే ఆ పిల్ల చేతులు కట్టుకుని, "మాది గేదెలోరండి, ఊరు బారువండి, వేగన్ షాపండి, దేముడు మనవరాలినండి" అని మొదలుపెట్టేది. అప్పలకొండ అన్న మాట వచ్చేసరికి టీచరమ్మ హాజరు తర్వాతి బెంచీకి వెళ్లిపోయేది.

పాలిటెక్నిక్‌లో ఫస్టు క్లాసు. తెలుగు సంఘం వార్షికోత్సవంలో శాలువా. కలకత్తా సాల్ట్ లేక్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. తెల్లారే లోకల్ ఎక్కి హౌరా, అక్కణ్నుంచి బస్సు, చీకటిపడ్డాక మళ్లీ లోకల్. ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా "నా వల్ల కాదు" అనలేదు. ఆ కంపెనీలో ఆమె రాసిన ప్రోగ్రాం మేదినీపూర్ జిల్లాలో బంగాళాదుంపల కోల్డ్ స్టోరేజీలకి కాపలా కాస్తుంది. స్టోరేజీలో ఒక్కో గది మన గోల్‌బజార్ వీధంత పొడుగు, లోపల మేడంత ఎత్తున దుంపల బస్తాలు. ఏ గదిలో చల్లదనం తగ్గితే ఆ గది పేరు చెప్పి గంట కొడుతుంది అప్పలకొండ ప్రోగ్రాం. మన జిల్లావాళ్లు ఆషాఢంలో ఆలూదమ్ తింటున్నారంటే అందులో కాస్త పుణ్యం ఆమెది.

ప్రోగ్రాంలో కొలిచే ప్రతిదానికీ ఒక పేరు పెట్టాలి. అప్పలకొండ తాత నేర్పిన పద్ధతిలోనే పెట్టింది. ముందు జిల్లా, తర్వాత ఊరు, ఏ స్టోరేజీ, ఏ వైపు కొట్టు, ఏం కొలుస్తున్నాం, అన్నీ అయ్యాక చిట్టచివర గది నంబరు. పక్కసీటులో పనిచేసే షైని కూడా ఖరగ్‌పూర్ పిల్లే. రోజూ ఒకే లోకల్‌లో వెళ్లొచ్చేవాళ్లు. ఆమె ఎప్పుడూ ఎకసెక్కం చేసేది:

"ఒలే కొండా, నీ పోగ్రాం సదివితే పెళ్లి శుభలేఖ సదివినట్టుంటాదే. పెళ్లికొడుకు పేరు వచ్చేసరికి భోజనాలు అయిపోతాయి."

అందరూ నవ్వేవాళ్లు. ప్రోగ్రాం మాత్రం ఏళ్ల తరబడి వంక లేకుండా నడిచింది.

ఈ చలికాలంలో వచ్చింది చిక్కు. ఇన్నాళ్లూ వాడిన చిప్పు తయారవడం ఆగిపోయింది. దాని బదులు వేరే చిన్న చిప్పు వచ్చింది. మనం రాసిన ప్రోగ్రాంని చిప్పుకి తెలిసే భాషలోకి మార్చిపెట్టే సాధనాన్ని కంపైలర్ అంటారు. కొత్త చిప్పుకి కంపైలర్ కూడా కొత్తదే. అప్పలకొండ తన ప్రోగ్రాంని దానికి అప్పజెప్పింది. అది ఒక్క తప్పు కూడా చూపించకుండా మార్చిచ్చింది. అదే కొంప ముంచింది.

ఆఫీసులో బల్ల మీద నాలుగు గాజుగ్లాసులు పెట్టి పరీక్ష చేశారు. నాలుగు గ్లాసులూ నాలుగు గదులనుకోవాలి. మూడింట్లో మంచుముక్కలు, నాలుగోదాంట్లో షైని అప్పుడే తెచ్చుకున్న వేడి టీ. తెర మీద నాలుగు గదులూ మరుగుతున్నట్టు చూపించింది.

"నీ దుంపలు ఉడికిపోనాయే," అంది షైని. ఈసారి ఎవరూ నవ్వలేదు. కంపెనీ యజమాని శామ్ వెనకే నిలబడి ఉన్నాడు.

శామ్ కూడా మన ఊరి నిమ్‌పురావాడు, మాట కరుకు. అయినా కష్టపడేవాళ్లని ఎరిగిన మనిషి. "సూడు అప్పలకొండా. మార్చి పుట్టగానే దుంపలు ఎక్కుతాయి. మొదటి బస్తా లోపలికెళ్లే రోజుకి ఏ గది లెక్క ఆ గది సెప్పాలి. సెప్పిందా, నీ పోగ్రాం ఉంటాది. నేదా, పక్కన పెట్టేసి బయట రెడీమేడ్‌ది కొనేత్తాను. నాకు నువ్వు ముఖ్యమే. స్టోరేజీలోళ్లకి దుంపలు ముఖ్యం," అన్నాడు.

ఇన్నేళ్ల ప్రోగ్రాం ఉంటుందా, పోతుందా అన్నది ఆ ఒక్కదాని మీద నిలబడింది.

ఆదివారం జోగమ్మ రుయి చేప పులుసు పెట్టింది. అప్పలకొండ కంచంలో వేలు పెట్టి తిప్పుతూ కూర్చుంది. తండ్రి లోకో పైలట్, ఇంట్లో కంటే ఇంజన్లో ఎక్కువ ఉంటాడు. ఆ రోజు తల్లి కూడా పుట్టింటికెళ్లింది. మనవరాలి మొహం చూసే పని దేముడి మీదే పడింది.

"ఏటే, ముల్లు గుచ్చుకున్నాదేటి?"

"గుచ్చుకున్నాది తాతా. ముప్పయ్యొకటో అక్షరం దగ్గర."

చెప్పింది. నాలుగు గదుల పేర్లూ మొదటినుంచి ముప్పై ఒకటో అక్షరం దాకా అచ్చు ఒకేలా ఉన్నాయి. తేడా ఆఖర్న గది నంబరులోనే. పాత కంపైలర్ పేరుని చివరిదాకా చదివేది. కొత్తది ముప్పై ఒక్క అక్షరాలు చదివి ఆపేస్తుంది. దానికి నాలుగు పేర్లూ ఒకే పేరు. నాలుగింటికీ కలిపి ఒకే చోటు ఇచ్చింది. అందులో ఆఖర్న పడింది టీ గ్లాసు లెక్క.

దేముడికి కోపం వచ్చింది. "పేరు పూర్తిగా ఇనకుండా ఎల్లిపోడమేటే? మర్యాద నేదేటి దానికి?"

"తప్పు దానిది కాదు తాతా. నేను పోగ్రాం రాసే సి భాషకి ఒక పెద్ద నియమావళి ఉంది. అన్ని దేశాలోళ్లూ కూచుని రాసుకున్నది. దాన్లో సెప్పినారు, ఇలాటి పేర్లకి కనీసం ముప్పయ్యొక్క అక్షరాలు సూడాలని. ఎక్కువ సూత్తే వాడిష్టం. అంతకి తగ్గకూడదు, అంతే."

"ఆ ముప్పయ్యొకటి ఎవుడు పెట్టినాడు? ముప్పయ్ పెట్టొచ్చు, నలభై పెట్టొచ్చు. ఆ పైన ఒకటేటి, సదివింపులు నూటపదార్లు లాగ?"

వారంలో మొదటిసారి అప్పలకొండ నవ్వింది. "యంత్రం రెట్టింపుల్లో లెక్కపెడతాది తాతా. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పయ్‌రెండు. ముప్పయ్‌రెండు అరలు కట్టి, పేరు ఇక్కడితో అయిపోయిందని గుర్తు పెట్టడానికి ఒక అర ఉంచుకుంటే, మిగిలినవి ముప్పయ్యొకటి. అలాగొచ్చి ఉంటాదని మేం అనుకుంటాం. అయినా ఇది నయం. మొదట్లో రాసుకున్నప్పుడు ఆరే."

"ఆరక్షరాలా?"

"నా పేరు ఇంగ్లీషులో రాత్తే 'అప్పల' అన్నదాకా."

దేముడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అప్పల. అంతేనా? అయితే అప్పలరాజు, అప్పలసామి, అప్పలనర్సమ్మ, నువ్వు..."

"అందరం ఒకే మనిషి."

"అలాగైతే మన షాపంతా కలిపి ఒక్కడే పనిసేసినట్టు," అన్నాడు దేముడు.

"నిజమే కదేటి, మీ షాపులో పనిసేసినోడు ఒక్కడే. మిగిలినోళ్లు బీడీ కాల్సీవోరు," అంది జోగమ్మ, పులుసు గిన్నె తెస్తూ.

"నువ్వుండు. ఒలే గుంటా, ఆరు ఎందుకు పెట్టినారు? పెద్ద సదువులు సదివినోళ్లు కదా. వంద పెట్టీసి కూకుంటే పోయేది కదా."

"అప్పటికే పాత పెద్ద యంత్రాలు ఉండీవి తాతా. ఆటిలో పేరు పెట్టడానికి ఆరక్షరాల అరే ఉండీది. వంద అని రాసేత్తే ఆ యంత్రాలున్నోళ్లందరూ మొదటి రోజే బయటికి పోతారు. అందరూ నిలబెట్టుకోగలిగిన మాట ఏదో అదే రాసినారు. తరవాత యంత్రాలు పెరిగినాయి, అంకె పెంచినారు. బయటోళ్లకి అది ఏదో గాలికి పెట్టిన అంకెలా కనిపిత్తాది. దాని ఎనకాల ఎవుడిదో ఒక చిన్న యంత్రం ఉంటాది."

దేముడు ఎడంచెయ్యి పైకెత్తి గాలిలో ఒక వంపు గీశాడు.

"గేజి కమాను," అన్నాడు.

"అదే తాతా! నేను అదే సెప్పబోతన్నాను."

యార్డుల్లో పట్టాల మీదకి వేలాడే ఇనప కమాను అది. సరుకెక్కించిన వేగన్ని దాని కింద నుంచి నెమ్మదిగా తోస్తారు. ఎక్కడా తగలకపోతే బండి కదలొచ్చు. దేముడు దాని గురించి చెప్పడం మొదలుపెడితే పులుసు చల్లారిపోతుంది. చల్లారింది.

"మన దగ్గరి వంతెనలు ఆ కమానుకన్నా బాగా ఎత్తే. దానికి తగిలీ లోడు కూడా మన లైన్లో హాయిగా పోద్ది. ఓపాలి ఒక పెద్ద బాయిలరు వచ్చినాది. కమానుకి జానెడు తగిలినాది. ఒక బాబు ఏటన్నాడూ, ఇక్కడ ఎక్కడా అడ్డు నేదు కదా, పోనీ అన్నాడు. పోనాది. వారం రోజులు మారాజులా పోనాది. ఎక్కడో కొండల్లో పాత సొరంగం, దాని మూతి కాడ ఇరుక్కుపోనాది. ముందుకి పోదు, ఎనక్కి రాదు. ఎనకాల బళ్లన్నీ నిలబడిపోనాయి."

"నా పోగ్రాం ఆ బాయిలరే తాతా. పాత కంపైలర్ మన వంతెన. కొత్తది సొరంగం."

"అయితే సొరంగం పెద్దది సెయ్యమను."

"పెద్దది కట్టినోళ్లు సానామంది ఉన్నారు. ఎవుడూ వద్దన్లేదు. కానీ కట్టీవోడికి సెప్పగలిగింది ఒకటే: ఇంతకన్నా తక్కువ కట్టకు. అదే అంకె, బండి నడిపీవోడికి తిప్పి సెప్పాలి: అన్ని దారుల్లోనూ పోవాలంటే ఇంతకి మించకు. అంకె ఒకటే తాతా. ఆడికి కనీసం, నాకు గరిష్ఠం."

జోగమ్మ ఇంతసేపూ వింటూనే ఉంది. "మరి ఆ కంపైలరోడు కనీసం సేసినాడో నేదో ఎలాగ తెలుస్తాది?"

"అదొక తమాషా మామ్మా. ఆ నియమాల్లో ఇలాటి అంకెలు బోలెడున్నాయి. ఈటన్నిటి అంచుదాకా వచ్చిన పోగ్రాంని కంపైలర్ కనీసం ఒక్కదాన్నైనా మార్చి సూపించగలిగితే సాలని రాసినారు."

"ఒక్కటా? అంటే వంటోడు వందమందికి ఒండగలనని ఒక్క పెళ్లి సూపించి, మిగతా పెళ్లిళ్లకి మాడబెట్టినా సెల్లుద్దన్నమాట."

"కాగితం మీద సెల్లుద్ది మామ్మా. అలా సేత్తే రెండో పెళ్లికి ఆణ్ని ఎవుడు పిలుత్తాడు?"

"అద్గదీ," అంది జోగమ్మ. ఆ తర్వాతే మనవరాలు అన్నం తింది.

మర్నాడు సాయంత్రం అప్పలకొండ వరండాలో ఫోను మాట్లాడుతుంటే దేముడు పక్క కుర్చీలో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకుని విన్నాడు. ఫోనులో శామ్ గొంతు ఎలాగూ వీధి దాకా వినిపిస్తుంది.

"కంపైలర్ అమ్మినోళ్లతో మాటాడినాను. పెద్దరకం ఒకటుందట. రెండువందల యాభై అక్షరాలు దాటినా సదువుద్దట. రేపే తెప్పిత్తాను. నువ్వు దేన్నీ ముట్టుకోకు. ఖతమ్."

"వద్దు శామ్‌గారూ."

"ఏటి వద్దు?"

"ఈ చిప్పు ఎన్నాళ్లుంటాదో తెలీదు. దీని తరవాత ఇంకోటి వత్తాది. దానికి పెద్దరకం కంపైలర్ ఉంటాదో నేదో. ప్రతిసారీ గ్లాసుల్లో టీ పోసి కనుక్కోలేం కదండీ. ఈపాలి గ్లాసులు కాబట్టి తెలిసినాది. అదే నిజం గదులైతే? పేర్లన్నీ మార్చేత్తాను. పేర్లే కాదు, ఆ కనీసం అంకెలన్నిట్లోనూ పోగ్రాం మొత్తం ఒదిగేలా సేత్తాను."

"అన్ని వేల వరసలు! ఒక్క పేరు తప్పు మార్చినావంటే రెండు గదులు మళ్లీ ఒకటైపోతాయి. దొరకను కూడా దొరకదు."

"తెలుసండి."

"మార్చి పుట్టే లోపల అవ్వకపోతే?"

"మీరన్నట్టే పక్కన పెట్టేయండి," అంది.

"ఠీక్ హై. నీ ఇష్టం. తరవాత నా కాడికొచ్చి ఏడవకు." ఫోను పెట్టేశాడు.

దేముడు పేపరు దించాడు. "ఇత్తానన్నాడు కదే. తీసుకోవచ్చు కదా."

"ఆ బాబు పోనీ అన్నాడు కాబట్టే కదా తాతా, బాయిలరు ఇరుక్కున్నాది."

ఆ మాట దేముడు ఒప్పుకున్నాడు. ఆయన్ని గుచ్చింది వేరే సంగతి. పేర్లు ఎలా మారుస్తుందో ఆమె చెప్పినప్పుడు బయటపడింది. గది నంబరు మొట్టమొదట. తర్వాత ఏం కొలుస్తుందో. స్టోరేజీ, ఊరు, జిల్లా చివరికి.

"అంటే ఇంటిపేరు ఆఖరికా?"

"అవును తాతా. ఎవరైనా మధ్యలో ఇనడం ఆపేసినా, మనిషెవరో ముందే తెలిసిపోవాలి కదా."

దేముడు లేచి స్టేషన్ దగ్గరి బోగ్దా వైపు టీ తాగడానికి వెళ్లిపోయాడు. తిరిగొచ్చి మూతి ముడుచుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఊరు కాని ఊళ్లో, తండ్రి తనకి పట్టిచ్చినవి రెండే: ఒక పని, పేరు చెప్పుకునే పద్ధతి. పనికి రిటైర్మెంటు ఉంది. పద్ధతికి కూడా ఉంటుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

జోగమ్మ చూసి చూసి ఊరుకోలేకపోయింది. "ఏటయ్యా, ఆ మూతేటి? ఇంటిపేరు ఆఖర్న పెడితే పరువు పోనాదేటి? పైనున్న ఆవిడ పేరేటి? మాలతీ ఘోష్. ఘోష్ ఎక్కడున్నాది?"

దేముడు ఆలోచించాడు. "ఆఖర్న."

"ఎదురింటి బాబు? తపన్ మాయితి. సేపల దాదా? నిమాయి జానా. ఈ దేశంలో ఇన్నేళ్లు బతికినావు. సుట్టూ అందరూ ఇంటిపేరు ఎనకాల మోసుకు తిరుగుతున్నారు. ఆళ్ల వంశాలేటి, అంతరించిపోనాయేటి?"

దేముడు నవ్వకూడదనుకున్నాడు కానీ మీసం కదిలింది. "బెంగాలోళ్లకి ఈ కంపైలర్ సంగతి ముందే తెలిసినట్టున్నాది," అన్నాడు. లోపలికెళ్లి, కంప్యూటర్ ముందున్న మనవరాలి నెత్తిమీద చెయ్యి వేసి, "తిప్పీయ్. కానీ గేదెల అన్న మాట ఎక్కడో ఓ దగ్గర ఉండాల," అన్నాడు.

"కోల్డ్ స్టోరేజీకి మన ఇంటిపేరు ఎందుకుంటాది తాతా!"

"ఉండదా? సర్లే మరి."

ఫిబ్రవరి అంతా అదే పని. ఒక పేరు ప్రోగ్రాంలో పాతికచోట్ల ఉంటుంది, పాతికా మారాలి. కొత్త పేర్లలో ఏ రెండూ ముప్పై ఒక్క అక్షరాల లోపల ఒకటి కాకూడదు. లోకల్లో సీటు దొరగ్గానే అప్పలకొండ ఒక్కో పేరూ పైకి చదివేది, షైని వేళ్లమీద అక్షరాలు లెక్కపెట్టేది. రోజూ అదే డబ్బాలో పేకాడుకుంటూ వెళ్లే ప్యాసింజర్లు నాలుగు రోజులు ఓపిక పట్టారు. అయిదో రోజు ఒకాయన ముక్కలు దించి, "కీ దీదీ, నామ్‌జప్ హొచ్ఛే?" అని అడిగాడు. నామజపం చేస్తున్నారా అని.

"హా దాదా," అంది షైని, బెంగాలీలోనే. "మా దేవుడికి ముప్పయ్యొక్క అక్షరాలు దాటితే వినపడదు."

ఆయన గౌరవంగా తల ఊపి, ఆ రోజునుంచి వాళ్లిద్దరికీ కిటికీ పక్క సీట్లు ఉంచేవాడు.

పేర్లు అయ్యాక మిగిలిన అంకెలు పట్టుకుంది. ఒక ఫైలు ఇంకో ఫైలుని పిలుస్తుంది, అది మరోదాన్ని. అలా ఒకదాని లోపల ఒకటిగా పదిహేను మెట్ల దాకా దిగనివ్వాలని నియమం. ఏటేటా కొత్తవి చేర్చుకుంటూ పోయిన అప్పలకొండ ప్రోగ్రాం అంతకి రెండు మెట్లు ఎక్కువ దిగింది. కొత్త కంపైలర్ దానికి అభ్యంతరం చెప్పలేదు. అయినా ఆమె వదల్లేదు, ఆ రెండు మెట్లూ కొట్టేసింది. "ఇది దిగనిచ్చినాది. తరవాతొచ్చేది దిగనిత్తాదని నాకెవరు మాటిచ్చినారు?" అంది, షైని అడిగితే.

నెలాఖరున మళ్లీ గ్లాసులు పెట్టారు. ఈసారి టీ శామ్ పోశాడు. మూడు గదులు చల్లగా, ఒకటి వేడిగా చూపించింది తెర. శామ్ నమ్మలేదు. వేడి కొలిచే వైరు మొనని ఒక గ్లాసులోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టాడు, మళ్లీ మార్చాడు, మళ్లీ మార్చాడు. ఏ గది వేడెక్కితే ఆ గదే పలికింది.

"సరే," అన్నాడు. "గ్లాసులు ఒప్పుకున్నాయి. దుంపలు ఒప్పుకోవాల. పెట్టెతో పాటు నువ్వు కూడా స్టోరేజీకి ఎల్లు. గదులు నిండి, సల్లబడి, నిలబడిందాకా అక్కడే ఉండు. తేడా వచ్చిందా, రెడీమేడ్‌దే."

అలా అప్పలకొండ చంద్రకోణ వైపు ఒక కోల్డ్ స్టోరేజీకి బయల్దేరింది. దేముడు స్టేషన్ దాకా వస్తానన్నాడు. "ఆలుదుంపల కాడికి ఎల్తంది, అత్తారింటికి కాదు," అని జోగమ్మ ఆపబోయింది కానీ, ఆయన టోటోలో ముందే ఎక్కి కూర్చున్నాడు. ప్లాట్‌ఫారం మీద తెలిసినవాళ్లు ఎదురైతే ఒక్కొక్కరికీ మనవరాలు ఎక్కడికెళ్తోందో, ఎందుకెళ్తోందో, కనీసానికీ గరిష్ఠానికీ ఉన్న సంబంధంతో సహా వివరించాడు. మేదినీపూర్ వైపు బండి వచ్చేదాకా ఆపలేదు.

రోజూ సాయంత్రం ఫోను చేస్తూనే ఉంది. దుంపల లారీలు రోడ్డు పొడుగునా నిలబడ్డాయట. స్టోరేజీ యజమాని ఆమె పెట్టిన పెట్టెని అసలు లెక్కచెయ్యడట. ఇద్దరు మనుషులకి థర్మామీటర్లిచ్చి తిప్పుతున్నాడట. "నువ్వేటన్నావు?" అని దేముడు అడిగితే, "ఏటంటాను, నేను కూడా ఆళ్ల ఎనకాలే తిరుగుతున్నాను," అంది.

నిన్న సాయంత్రం ఫోనులో ఆమె గొంతు వేరేగా ఉంది.

"తాతా, మూడో గది తలుపు కూలీలు సగం తెరిచి వదిలేసి టీకి ఎల్లిపోనారు. ఎవరూ సూడనేదు. గంట మోగినాది."

"మూడో గదికేనా?"

"మూడో గదికే. నిండిన మిగతా రెండు గదులూ నోరెత్తలేదు. ఓనరు సెప్పులు కూడా ఏసుకోకుండా పరిగెత్తినాడు, తిన్నగా మూడో గదికి. తలుపు మూసి వచ్చి, శామ్‌గారికి ఫోను సేసి, ఈ పెట్టె తీయొద్దు అన్నాడు. శామ్‌గారు నాకు సేసినారు."

"ఏటన్నాడు?"

"ఇంకేటంటారు. 'నీ పోగ్రాం ఉంటాది' అన్నారు. తిట్టినట్టే అన్నారు."

దేముడు ఫోను జోగమ్మకిచ్చేసి కండువా భుజాన వేసుకున్నాడు. ఈ కబురు గోల్‌బజార్‌లో చెప్పాలి, టోటో స్టాండులో చెప్పాలి, రాత్రి డ్యూటీ దిగితే కొడుక్కి చెప్పాలి. జోగమ్మ వెనకనుంచి సంచీ ఇచ్చి, ఈసారైనా కూరలు తెమ్మంది.

నాలుగో గదిలో ఇంకా బస్తాలు ఎక్కుతున్నాయి. అది నిండి, చల్లబడి, లెక్క నిలబడితే అక్కడి పని అయిపోతుంది. అప్పలకొండ మార్చి పద్నాలుగో తేదీ, శనివారం ఇంటికి వస్తుంది.